ఫిజిక్స్, చరిత్ర, కెమెరా: పీటర్ గాలిసన్‌ని ఆదోని నుంచి చూస్తే

ఈ ఎపిసోడ్ వీడియో చూసి వచ్చినవాళ్లు కొందరు, డేటా అయిపోయి చదువుకుందామని వచ్చినవాళ్లు కొందరు. మాట్లాడింది మాట్లాడినట్టే ఇక్కడ పెడుతున్నాను. "అంటే", "అంటే" అని నేను వంద సార్లు అన్నవి మాత్రం తీసేశాను.

ఈరోజు మనిషి పేరు పీటర్ గాలిసన్. అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీ ప్రొఫెసర్. ఈయన్ని ఫిజిక్స్ వాళ్లు ఫిజిసిస్ట్ అంటారు, హిస్టరీ వాళ్లు హిస్టోరియన్ అంటారు, సినిమా వాళ్లు డాక్యుమెంటరీ డైరెక్టర్ అంటారు. మూడూ నిజమే. 1955లో న్యూయార్క్‌లో పుట్టాడు. కాలేజీలో చేరకముందే పారిస్‌లోని ఎకోల్ పాలిటెక్నిక్‌లో ఒక ప్లాస్మా ఫిజిక్స్ ల్యాబ్‌లో పని చేశాడు. 1983లో హార్వర్డ్‌లో పీహెచ్‌డీ పూర్తి చేశాడు, అది కూడా ఫిజిక్స్, సైన్స్ చరిత్ర రెండూ కలిపి. తర్వాత స్టాన్‌ఫోర్డ్‌లో పాఠాలు చెప్పి, 1992 నుంచి మళ్లీ హార్వర్డ్. 1997లో మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. బయోడేటా ఇంతటితో ఆపేస్తాను, అవార్డుల లిస్టు చదివితే మీకూ నిద్రొస్తుంది, నాకూ నిద్రొస్తుంది.

ఈయన గురించి ఎందుకు చెబుతున్నానంటే, మీలో చాలామంది ఒకే మెసేజ్ పెడుతుంటారు. "అన్నా, నాకు సైన్స్ ఇష్టం, సినిమాలూ ఇష్టం. ఇంట్లో ఏదో ఒకటి తేల్చుకోమంటున్నారు." మన దగ్గర ఈ తేల్చుకోవడం పదో తరగతి రిజల్ట్స్ వచ్చిన వారంలోనే అయిపోతుంది. ఎంపీసీనా, బైపీసీనా? ఎంపీసీ అయితే ఎంసెట్, ఎంసెట్ అయితే బీటెక్, బీటెక్ అయితే హైదరాబాదో బెంగళూరో. నేనూ అదే రైలెక్కి, బెంగళూరులో కొన్నేళ్లు కోడ్ రాసి, తర్వాత దిగిపోయినవాణ్ణి. నేను జాబ్ మానేసిన రోజు మా మామ అన్న మాట: "ఏంరా అల్లుడా, కాల్ మీద కాలేసుకునే ఉద్యోగం ఇడిసిపెట్టి ఫోన్ ముందర మాట్లాడుకుంటా కూచుంటావా?" ఆయన ఇప్పుడు ప్రతి ఎపిసోడూ చూస్తాడు. లైక్ మాత్రం కొట్టడు.

సరే, గాలిసన్ దగ్గరికి వద్దాం.

1987లో ఆయన రాసిన మొదటి పెద్ద పుస్తకం "హౌ ఎక్స్‌పెరిమెంట్స్ ఎండ్". ప్రయోగాలు ఎలా ముగుస్తాయి అని. టైటిల్ వింటే ఏముంది ఇందులో అనిపిస్తుంది. కానీ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లు ఒక్క నిమిషం ఆలోచించండి. టెస్టింగ్ ఎప్పుడు ఆపుతాం? బగ్స్ అన్నీ అయిపోయినప్పుడు ఆపుతామా? బగ్స్ ఎప్పటికీ అయిపోవు. ఎక్కడో ఒక చోట మనమే "ఇక చాలు, రిలీజ్ చేద్దాం" అంటాం. ఆ "ఇక చాలు" అనే నిర్ణయం ఎవరిది, ఏ ఆధారంతో, ఎంత ఒత్తిడిలో? గాలిసన్ ఇదే ప్రశ్న ఫిజిసిస్టుల్ని అడిగాడు. ల్యాబులో మెషిన్ తనంతట తాను "ఇదే సత్యం" అని బెల్లు కొట్టదు కదా.

ఆయన చెప్పిన ఒక కేసు ఐన్‌స్టీన్‌దే. థియరీ కాదు, ప్రయోగం. 1915లో ఐన్‌స్టీన్, ఆయన స్నేహితుడు డి హాస్ కలిసి ఇనుములో అయస్కాంతత్వం ఎక్కడినుంచి వస్తుందో కొలిచారు. ఐన్‌స్టీన్ థియరీ ప్రకారం ఒక సంఖ్య 1 రావాలి. వాళ్ల కొలతా 1కి చాలా దగ్గరగా వచ్చింది. ఆనందంగా ప్రయోగం ఆపేశారు. ఆ తర్వాత వేరేవాళ్లు జాగ్రత్తగా కొలిస్తే అది 1 కాదు, 2కి దగ్గర అని తేలింది. ఐన్‌స్టీన్ మోసం చేశాడా? లేదు. అనుకున్న జవాబు రాగానే "ఇక చాలు" అనిపించింది, అంతే. జవాబు 2 వచ్చుంటే ఎక్కడ తేడా కొట్టిందా అని ఇంకో నెల వెతికేవాడు. ఈ కేసు చదివాక, నేను రిలీజ్ చేసిన సాఫ్ట్‌వేర్లన్నీ ఒకసారి కళ్ల ముందు తిరిగాయి. ఆ సంగతి అక్కడే వదిలేద్దాం.

పదేళ్ల తర్వాత, 1997లో, "ఇమేజ్ అండ్ లాజిక్" వచ్చింది. లావు పుస్తకం. దిండు కింద పెట్టుకుంటే మెడ నొప్పి గ్యారంటీ. ఇందులో విషయం, అణువు లోపలి కణాల్ని చూడటానికి ఇరవయ్యో శతాబ్దంలో రెండు రకాల మెషిన్లు, రెండు రకాల మనుషులు ఉన్నారని. ఒక రకం ఫోటో తీసేవాళ్లు. క్లౌడ్ చాంబర్, బబుల్ చాంబర్, ఫోటో ఎమల్షన్. ఒక్క మంచి ఫోటో దొరికితే చాలు, అదిగో కణం అంటారు. రెండో రకం లెక్కపెట్టేవాళ్లు. గైగర్ కౌంటర్లు పెట్టి టిక్ టిక్ టిక్ అని వేల సార్లు లెక్కేసి, ఇంత శాతం ఉంది కాబట్టి కణం ఉంది అంటారు. ఫోటో వాళ్లకి లెక్కలవాళ్ల మీద నమ్మకం లేదు, లెక్కలవాళ్లకి ఫోటోవాళ్ల మీద లేదు.

ఇది అర్థం కావాలంటే ఆదోని మార్కెట్ యార్డుకి రండి. పత్తి సీజన్‌లో రండి. కాటా దగ్గర ఒక పెద్దాయన ఉంటాడు. బోరెంలో చెయ్యి పెట్టి గుప్పెడు పత్తి తీసి, రెండు వేళ్లతో పీచు లాగి, అట్లే చూసి రేటు చెప్పేస్తాడు. ఆయన ఇమేజ్ పార్టీ. పక్కనే సీసీఐ కొనుగోలు దగ్గర ఒక కుర్రాడు తేమ మీటర్ గుచ్చి, ఇక్కడో రీడింగ్, అక్కడో రీడింగ్ తీసి, 12 శాతం దాటితే కుదరదు అంటాడు. ఆయన లాజిక్ పార్టీ. ఇద్దరి మధ్య రైతు తలకాయ పట్టుకుని కూర్చుంటాడు.

ఈ పుస్తకంలోనే గాలిసన్ "ట్రేడింగ్ జోన్" అనే మాట తెచ్చాడు. ఇప్పుడు అది మేనేజ్‌మెంట్ కోర్సుల దాకా పాకింది. వ్యాపారం జరిగే చోటు అని తీసుకోండి. ఆయన ప్రశ్న ఏంటంటే, థియరీ రాసేవాడు, ప్రయోగం చేసేవాడు, మెషిన్ కట్టే ఇంజనీరు, ముగ్గురూ ఒకే మాటని మూడు అర్థాల్లో వాడతారు, మరి పని ఎలా జరుగుతోంది? ఆయన జవాబు: సంతలో ఎలా జరుగుతుందో అలాగే. రెండు భాషల జనం కలిసినచోట ఒక కలగాపులగం భాష పుడుతుంది. పూర్తిగా ఇద్దరిదీ కాదు, పని నడవడానికి సరిపోతుంది. కొన్ని తరాలు గడిస్తే అదే సొంత భాష అయిపోతుంది.

నేను ఈ చాప్టర్ చదువుతూ నవ్వుకున్నాను. మా ఆదోనిలో పుట్టినవాడికి ఇది కొత్త విషయమా? ఒకే దుకాణం ముందు తెలుగు, కన్నడ, ఉర్దూ, కొంచెం మార్వాడీ హిందీ వినపడతాయి. ఒకే వాక్యంలో మూడూ వినపడతాయి. రైతుకి ఆ పత్తి అంటే ఆరు నెలల అప్పు, కొనేవాడికి అది పీచు పొడవు, హమాలీకి అది ఎన్ని బోరేలు మోయాలి అన్న లెక్క. ఒకరి మనసులో ఉన్నది ఇంకొకరికి అక్కర్లేదు. క్వింటా రేటు దగ్గర మాత్రం ముగ్గురికీ మాట కుదురుతుంది. గాలిసన్ చెప్పింది కూడా సరిగ్గా ఇదే. మొత్తం ప్రపంచం గురించి ఒప్పుకోనక్కర్లేదు, చేతిలో ఉన్న బేరం గురించి ఒప్పుకుంటే చాలు, సైన్స్ నడుస్తుంది. ఆయన రాడార్ ల్యాబుల్లో, బాంబు ల్యాబుల్లో పట్టుకున్న విషయం మన యార్డులో పొద్దున్నే ఎనిమిదింటికి వేలంపాటలో కనిపిస్తుంది.

ఇప్పుడు నాకు అన్నింటికన్నా ఇష్టమైన పుస్తకం. "ఐన్‌స్టీన్స్ క్లాక్స్, పాంకరేస్ మ్యాప్స్", 2003. ఐన్‌స్టీన్ 1905లో రిలేటివిటీ రాసినప్పుడు స్విట్జర్లాండ్‌లో బెర్న్ ఊళ్లో పేటెంట్ ఆఫీసులో గుమాస్తా లాంటి ఉద్యోగం చేసేవాడని అందరికీ తెలుసు. మనం ఏమనుకుంటాం? పాపం, మేధావి, పొట్టకూటి కోసం పనికిరాని ఉద్యోగం చేశాడు అని. గాలిసన్ ఆ టేబుల్ మీద ఏ ఫైళ్లు ఉన్నాయో చూద్దాం అన్నాడు. చూస్తే, ఆ కాలంలో పేటెంట్ ఆఫీసుకి గడియారాల్ని కరెంటు తీగలతో కలిపి ఒకే టైమ్ చూపించే పద్ధతుల మీద అప్లికేషన్లు వస్తున్నాయి. రైళ్ల కోసం. రెండు ఊళ్లలో గడియారాలు ఒకే టైమ్ చూపించాలంటే ఏం చేయాలి? సిగ్నల్ పంపాలి. సిగ్నల్ వెళ్లడానికి పట్టే టైమ్ లెక్కేయాలి. రిలేటివిటీ మొదలయ్యేది అక్కడే. ఇదే సమయంలో పారిస్‌లో పాంకరే అనే మహా గణితజ్ఞుడు టెలిగ్రాఫ్ సిగ్నళ్లతో రేఖాంశాలు కొలిచే ఆఫీసులో ఉన్నాడు. ఇద్దరి ముందూ ఒకే సమస్య.

బ్యాకెండ్‌లో పని చేసినవాళ్లకి ఇది ఇంకా బాగా తెలుస్తుంది. రెండు సర్వర్ల లాగ్స్ పక్కపక్కన పెట్టి, ఏది ముందు జరిగిందో ఏది తర్వాతో తెలీక రాత్రి రెండింటికి జుట్టు పీక్కున్న రోజులు ఉంటాయి.

ఇప్పుడు మన రైల్వే స్టేషన్ చూడండి. ఆదోని స్టేషన్ మద్రాసు, బొంబాయి లైన్ మీద ఉంది. గుంతకల్లు, ఆదోని, కోసిగి, మంత్రాలయం రోడ్డు, రాయచూరు. మద్రాసు నుంచి వచ్చిన రైల్వే కంపెనీ లైను, బొంబాయి నుంచి వచ్చిన కంపెనీ లైను 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. కలిసింది పట్టాలే కాదు, రెండు టైములు. మద్రాసు టైమ్ గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాలు ముందు. బొంబాయి టైమ్ 4 గంటల 51 నిమిషాలు ముందు. అరగంట తేడా. ఎవరి గడియారం నమ్మాలి? చివరికి దేశంలో రైళ్లు చాలావరకు మద్రాసు టైమ్ మీదే నడిచాయి, ఎందుకంటే టైమ్ చెప్పే అబ్జర్వేటరీ మద్రాసులో ఉంది, టెలిగ్రాఫ్ ఉంది. 1906లో ఇప్పటి ఇండియన్ స్టాండర్డ్ టైమ్ వచ్చింది. బొంబాయి నగరం మాత్రం మొండికేసి తన సొంత టైమ్‌ని 1955 దాకా వదల్లేదు.

మనమే ఒక చిన్న లెక్క చేద్దాం, ఫోన్ కాలిక్యులేటర్ చాలు. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది, అంటే డిగ్రీకి 4 నిమిషాలు. ఆదోని సుమారు 77.3 డిగ్రీల రేఖాంశం మీద ఉంది. మన స్టాండర్డ్ టైమ్ 82.5 డిగ్రీలది. తేడా 5.2 డిగ్రీలు, నాలుగుతో గుణిస్తే దాదాపు 21 నిమిషాలు. అంటే ఆదోనిలో సూర్యుడు నడినెత్తికి వచ్చేది పన్నెండింటికి కాదు, సగటున 12 గంటల 21 నిమిషాలకి. మీ ఫోన్ చెప్పే పన్నెండు మన ఊరి పన్నెండు కాదు. నాకైతే ఈ లెక్క చేసినప్పుడు ఐన్‌స్టీన్ కొంచెం మన ప్లాట్‌ఫామ్ మీదికి వచ్చినట్టు అనిపించింది.

2007లో లోరెయిన్ డాస్టన్ అనే చరిత్రకారిణితో కలిసి "ఆబ్జెక్టివిటీ" రాశాడు. దాంట్లోంచి ఒక్క కథ చెప్పి సినిమాలకి వెళ్లిపోతాను. ఇంగ్లండ్‌లో వర్థింగ్టన్ అని ఒక ఫిజిసిస్ట్. నీటి చుక్క, పాదరసం చుక్క కింద పడినప్పుడు చిందే ఆకారాన్ని చీకటి గదిలో ఒక్క మెరుపు వెలుగులో చూసి, బొమ్మ గీసేవాడు. ఏళ్ల తరబడి గీశాడు. బొమ్మలన్నీ చక్కగా, ముగ్గు వేసినట్టు, అన్ని వైపులా సమానంగా ఉంటాయి. తర్వాత 1890లలో ఫోటో తీయడం సాధ్యమైంది. తీస్తే, ఏ చుక్కా సమానంగా లేదు! ఒక వైపు వంకర, ఒక వైపు విరిగి ఉంది. వర్థింగ్టన్ అంతకుముందు కూడా వంకర చుక్కలు చూశాడు. కానీ అవి "సరిగ్గా పడని చుక్కలు" అని పక్కన పెట్టేవాడు. కళ్లు చూశాయి, మనసు దిద్దింది. బ్యూటీ ఫిల్టర్ ఫోన్‌లోకి రాకముందు బుర్రలోనే ఉండేది.

ఇంత చూసే విధానం గురించి రాసిన మనిషి కెమెరా పట్టుకోకుండా ఎలా ఉంటాడు? 2000లో హైడ్రోజన్ బాంబు మీద మొదటి డాక్యుమెంటరీ తీశాడు. ఆ బాంబు చేయాలా వద్దా అని శాస్త్రవేత్తలు కొట్టుకున్న కథ. 2008లో రాబ్ మాస్ అనే ఫిల్మ్‌మేకర్‌తో కలిసి "సీక్రెసీ" తీశాడు, సన్‌డాన్స్ ఫెస్టివల్‌లో వేశారు. ప్రభుత్వ రహస్యాల మీద సినిమా. రహస్యాన్ని కెమెరాతో ఎలా తీస్తారు? కనపడకపోవడమే కదా దాని పని.

అందులో ఒక కేసు ఉంది. 1948లో అమెరికాలో ఒక మిలిటరీ విమానం కూలిపోయింది. చనిపోయినవాళ్లలో సివిలియన్ ఇంజనీర్లు కూడా ఉన్నారు. వాళ్ల భార్యలు కేసు వేసి, ప్రమాదం రిపోర్టు చూపించమన్నారు. దేశ రహస్యాలు ఉన్నాయి, చూపించం అంది ప్రభుత్వం. 1953లో సుప్రీంకోర్టు ప్రభుత్వం మాటే ఒప్పుకుంది, రిపోర్టు చూడకుండానే. యాభై ఏళ్ల తర్వాత రిపోర్టు బయటికి వచ్చింది. చనిపోయినవాళ్లలో ఒకరి కూతురికి ఇంటర్నెట్‌లో దొరికింది. చదివితే అందులో దేశ రహస్యం అంటూ ఏమీ లేదు, విమానానికి చేయాల్సిన మార్పులు చేయలేదన్న సంగతి ఉంది. కానీ ఆ తీర్పు మీదే అమెరికాలో రహస్యాల చట్టం మొత్తం నిలబడి ఉంది.

2015లో మళ్లీ అదే జంట తీసిన సినిమా "కంటైన్‌మెంట్". ఈ ఎపిసోడ్ చేయడానికి అసలు కారణం ఇదే. అణు వ్యర్థాల మీద సినిమా.

అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలో కార్ల్స్‌బాడ్ దగ్గర భూమి లోపల 650 మీటర్ల లోతులో ఉప్పు పొరలు ఉన్నాయి. బాంబుల తయారీలో మిగిలిన ప్లుటోనియం అంటిన చెత్తని 1999 నుంచి అక్కడ పాతిపెడుతున్నారు. ప్లుటోనియం సగం తగ్గడానికే 24 వేల ఏళ్లు పడుతుంది. చట్టం ఏమంటుందంటే, కనీసం 10 వేల ఏళ్లు ఎవరూ అక్కడ తవ్వకుండా చూడాలి. ఇప్పుడు సమస్య ఫిజిక్స్‌ది కాదు. 10 వేల ఏళ్ల తర్వాత ఉండే మనిషికి "ఇక్కడ తవ్వొద్దు" అని ఎలా చెప్పాలి? ఏ భాషలో చెప్పాలి? ప్రభుత్వం భాషా శాస్త్రవేత్తల్ని, పురావస్తు నిపుణుల్ని, ఆర్టిస్టుల్ని పిలిచి అడిగింది. నేల నిండా రాతి ముళ్లు పొడుచుకొచ్చినట్టు కట్టాలని ఒకరు, భయపడిన ముఖాల బొమ్మలు చెక్కాలని ఇంకొకరు. ఇవి కట్టుకథలు కాదు, రిపోర్టులుగా రాసి ఇచ్చారు.

ఫ్రెండ్స్, 10 వేల ఏళ్లు పక్కన పెట్టండి. మన జిల్లాలో తుగ్గలి వైపు ఎర్రగుడి ఉంది. పత్తికొండ, గుత్తి దారిలో. అక్కడ బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. చక్రవర్తి తన ప్రజలందరికీ తెలియాలని చెక్కించిన మెసేజ్. 2,200 ఏళ్ల పైమాట. కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, తర్వాతి వరుస కుడి నుంచి ఎడమకి, ఎద్దు మడక దున్నినట్టు రాసి ఉన్నాయి. ఎన్ని వందల ఏళ్లు గొర్రెలకాపరులు ఆ బండ పక్కనే కూర్చుని సద్ది తిని ఉంటారో! ఒక్కరూ చదవలేకపోయారు. బ్రాహ్మీ లిపిని 1837లో జేమ్స్ ప్రిన్సెప్ ఛేదించేదాకా దేశంలోనే ఎవరికీ రాదు. ఎర్రగుడి బండల మీద ఏదో ఉందని లోకానికి తెలిసింది 1920ల చివర్లో. 2,200 ఏళ్లకే మన గతి ఇది.

ఇంకో విషయం ఆ నిపుణులకి మన రాయలసీమ వాళ్లు చెప్పి ఉండాల్సింది. వింత రాళ్లు, భయపెట్టే బొమ్మలు, "ఇక్కడ తవ్వకండి" అని రాత. మన దగ్గర ఇవి కనపడితే ఏం చేస్తారు? రాత్రికి రాత్రి పలుగు, పార, నిమ్మకాయలు పట్టుకుని వచ్చేస్తారు, గుప్తనిధులు ఉన్నాయని! తొలకరి పడితే జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో వజ్రాల కోసం టిఫిన్ క్యారియర్లతో దిగే జనం మనం. కంచె వేసి బోర్డు పెడితే ఆగుతామా?

"కంటైన్‌మెంట్" నాకెందుకు నచ్చిందంటే, అణుశక్తి మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పే సినిమా కాదది. ప్లాంటు నడిపేవాళ్లు మాట్లాడతారు, పక్క ఊరివాళ్లు మాట్లాడతారు, ఫుకుషిమాలో ఇల్లు వదిలిపోయినవాళ్లు మాట్లాడతారు. ఎవర్నీ విలన్‌గా చూపించలేదు. అయినా కడుపులో ఏదో కదులుతుంది. ఆ ఉప్పు గనిలో 2014 ఫిబ్రవరిలో నిజంగానే ఒక డ్రమ్ము పగిలింది. కారణం వింటే నమ్మరు. వ్యర్థాల్లో తడి పీల్చడానికి పిల్లులకి వాడే మట్టి కలుపుతారు. మట్టి రకం బదులు గోధుమతో చేసిన ఆర్గానిక్ రకం కలిపారు. అది రసాయనాలతో కలిసి వేడెక్కింది. దాదాపు మూడేళ్లు ప్లాంటు మూతపడింది. 10 వేల ఏళ్ల ప్లాన్, 15 ఏళ్లకే ఒక సరుకు మారడం వల్ల చిక్కులో పడింది.

ఇప్పుడు మన ఇంటి దగ్గరికి వద్దాం. దేవనకొండ మండలం కప్పట్రాళ్ల. ఎమ్మిగనూరు వాళ్లకి, ఆదోని వాళ్లకి దూరం కాదు. అక్కడి రిజర్వు ఫారెస్టులో యురేనియం ఉందేమో చూడటానికి బోర్లు వేయాలని కేంద్ర అణు ఖనిజాల విభాగం ప్రతిపాదన పెట్టింది. 2024 చివర్లో చుట్టుపక్కల ఊళ్ల జనం రోడ్డు మీదికి వచ్చారు. అన్వేషణ ఆపేస్తున్నామని అధికారులు ప్రకటించారు. అప్పుడు మా ఫ్యామిలీ గ్రూపుల్లో తిరిగిన మెసేజ్‌లు గుర్తున్నాయా మీకు? ఒకటేమో బోరు వేస్తే మర్నాటికే క్యాన్సర్ అని, ఇంకొకటి వద్దనేవాళ్లంతా దేశద్రోహులని. మధ్యలో ఒక్క సరైన వాక్యం లేదు.

నిజానికి బోరు వేసి శాంపిల్ తీయడం వేరు, గని తవ్వడం వేరు, తవ్వినదాన్ని శుద్ధి చేశాక మిగిలిన బురదని చెరువులా నిలవ పెట్టడం వేరు. మూడింటి రిస్కూ ఒకటి కాదు. కానీ మొదటిదానికి ఒప్పుకుంటే మూడోది రాదని ఎవరు హామీ ఇస్తారు అన్న ఊరివాళ్ల ప్రశ్న కూడా తెలివితక్కువ ప్రశ్న కాదు. వాళ్లకి కడప జిల్లా తుమ్మలపల్లె కనపడుతోంది. అక్కడ గని ఉంది, బురద చెరువు ఉంది. చుట్టూ ఉన్న రైతులు బోరునీళ్లు చెడిపోయాయంటున్నారు, సంస్థ కాదంటోంది. పైగా 1962లో తెచ్చిన అణుశక్తి చట్టంలోనే సమాచారం బయటికి రాకుండా ఆపే సెక్షన్ పెట్టారు. మామూలు విషయం ఆర్టీఐలో అడిగినట్టు అన్నీ అడగలేం. అంటే "సీక్రెసీ" సినిమా, "కంటైన్‌మెంట్" సినిమా, రెండూ కలిపి కప్పట్రాళ్ల రోడ్డు మీద నడుస్తున్నాయి.

నా అభిప్రాయం అడిగితే, ఇలాంటి చోట ఫిజిక్స్ తెలిసినవాడు ఒకడు, పాత కాగితాలు తవ్వే ఓపిక ఉన్నవాడు ఒకడు, కెమెరా పట్టుకుని ఇంటింటికీ తిరిగి వినేవాడు ఒకడు కావాలి. ముగ్గురూ ఒక్కడే అయితే ఇంకా మంచిది. ముగ్గురు కలిసి మాట్లాడుకున్నా సరిపోతుంది, యార్డులో బేరం కుదిరినట్టు. తెలుగులో ఇలాంటి మనుషులు అసలు లేరని కాదు. కొడవటిగంటి రోహిణీప్రసాద్ గారు ఉండేవారు. బాబా అణు పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త, సితార్ వాయించేవారు, మనందరికీ అర్థమయ్యే తెలుగులో సైన్స్ రాసేవారు. ఆయన చేతిలో కెమెరా కూడా ఉండుంటే ఎలా ఉండేదో.

చివరి సినిమా తొందరగా చెప్పేస్తాను. "బ్లాక్ హోల్స్: ది ఎడ్జ్ ఆఫ్ ఆల్ వీ నో", 2020. 2019 ఏప్రిల్ 10న బ్లాక్ హోల్ మొదటి ఫోటో వచ్చింది కదా, నారింజ రంగు వడలాంటిది, దాని వెనక కథ. గాలిసన్ ఆ ఫోటో తీసిన బృందంలో సభ్యుడు కూడా. 2017లో ప్రపంచం నలుమూలలా ఉన్న 8 టెలిస్కోపులు ఒకే సమయంలో చూశాయి. డేటా ఎంతంటే, నెట్‌లో పంపలేక హార్డ్ డిస్కులు విమానాల్లో వేసి పంపారు. దక్షిణ ధ్రువం డిస్కులైతే అక్కడి చలికాలం పోయేదాకా నెలల తరబడి ఆగాయి. నాకు నచ్చింది ఆ తర్వాతి భాగం. ఫోటో తయారు చేయడానికి నాలుగు టీములు పెట్టారు. ఒక టీము ఇంకో టీముతో మాట్లాడకూడదు. ఎందుకు? ఐన్‌స్టీన్‌కి 1 రాగానే ఆపేయాలనిపించింది చూడండి, వర్థింగ్టన్‌కి చుక్క గుండ్రంగా కనపడింది చూడండి, అది జరగకూడదని. వలయం కావాలని అందరికీ ఆశ ఉంది. ఆశ ఉన్నచోటే కళ్లు మోసం చేస్తాయి. నాలుగు టీములూ తలుపులు తెరిచి చూపిస్తే నాలుగింట్లోనూ వలయం వచ్చింది.

సినిమాగా మాత్రం నాకు కొంచెం కంప్లయింట్ ఉంది. టెలిస్కోపుల కథ ఒకటి, స్టీఫెన్ హాకింగ్ తన చివరి రోజుల్లో ముగ్గురు సహచరులతో చేసిన లెక్కల కథ ఒకటి, రెండూ పక్కపక్కన నడుస్తాయి కానీ కలవవు. హాకింగ్ 2018 మార్చిలో పోయాక మిగిలినవాళ్లు బ్లాక్‌బోర్డు ముందు నిలబడే సీన్లు మాత్రం వదలకండి.

మీరు మొదలుపెట్టాలంటే "కంటైన్‌మెంట్"తో మొదలుపెట్టండి, తర్వాత బ్లాక్ హోల్స్. పుస్తకం అయితే గడియారాల పుస్తకం, "ఇమేజ్ అండ్ లాజిక్" మాత్రం సెలవుల్లోనే ముట్టుకోండి. వచ్చే ఎపిసోడ్ ఎర్రగుడి బండల దగ్గర షూట్ చేస్తున్నాను, ఎండ తగ్గాక సాయంత్రం పూట. ఆ పక్క ఊళ్లవాళ్లు, కప్పట్రాళ్ల వైపు వాళ్లు ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి. బోర్ల గొడవ జరిగిన రోజుల్లో మీ ఊళ్లో ఎవరు ఏం చెప్పారు, ఏ కాగితం చూపించారు, మీరు అడిగిన ఏ ప్రశ్నకి జవాబు రాలేదు, అవి నాకు కావాలి. పేర్లు బయట పెట్టను. మీరు మాట్లాడతానంటే ఫోన్ పట్టుకుని నేనే వస్తాను.